మందులమ్మని సలహాదారు: కాళ్ళ మండలంలో ఒక రొయ్యల రైతుతో రెండు పంటలు

భీమవరం చుట్టుపక్కల రొయ్యల చెరువుకి సలహా చెప్పేవాళ్ళకి కరువు లేదు. పొద్దున్నించి సాయంత్రం లోపు గట్టు మీదకి నలుగురు బళ్ళేసుకుని వస్తారు. మేత కంపెనీ టెక్నీషియన్ ఒకరు, మందుల షాపు కుర్రాడు ఒకరు, సీడ్ (రొయ్య పిల్లలు) ఇచ్చిన హేచరీ మనిషి ఒకరు, కొనేవాళ్ళ తరఫున కౌంట్, అంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయో, చూసి పోయే ఆయన ఇంకొకరు. అందరూ ఉచితంగానే చెబుతారు. వీళ్ళ మధ్యకి ఫీజు పుచ్చుకుని చెప్పేవాడొకడు వెళితే రైతు అతన్ని ఎందుకు నమ్మాలి అన్నదే ఈ కేస్.

నాది నీటి పరీక్షలు, రొయ్య పరీక్షలు చేసే చిన్న ల్యాబ్. దాంతోపాటు కొన్ని చెరువులకి పంట మొత్తానికి సలహాదారుగా ఉంటాను. ఫిషరీస్ చదువుకుని ఈ పనిలోకి వస్తున్న కుర్రాళ్ళకి నీటి గురించీ జబ్బుల గురించీ బాగానే తెలుసు. రైతు ముందు కూర్చున్నప్పుడే తడబడుతున్నారు. వాళ్ళకి పనికొస్తుందని రాస్తున్నాను. రైతు కుటుంబాన్ని అడిగే రాస్తున్నాను కానీ ఊరి పేరు, మనుషుల పేర్లు రాయను.

చెరువులు, మనుషులు

కాళ్ళ మండలంలో ఉప్పుటేరు వైపు నాలుగు చెరువులు, ఒక్కోటీ ఎకరంన్నర. రెండు సొంతం, రెండు లీజు. పక్కనే చిన్న రిజర్వాయర్ చెరువు. కొల్లేరు నీళ్ళు సముద్రంలో కలిసేది ఉప్పుటేరు గుండానే కాబట్టి పోటు మీద ఉప్పునీరు పైకి ఎక్కుతుంది. వేసవిలో గోదావరి కాలవలకి నీళ్ళు ఆపేశాక ఆ ఉప్పు ఇంకా పెరుగుతుంది. ఇప్పుడు వేసే వనామీ రకం రొయ్యకి ఇది బానే ఉంటుంది. చిక్కల్లా ఏమిటంటే, పై చెరువు వాళ్ళు వదిలిన నీళ్ళే కాసేపటికి మన మోటార్లోంచి మన చెరువులోకి వస్తాయి.

ఇంట్లో నిర్ణయాలు ఇద్దరివి. పెద్దాయనకి డెబ్బై దాటాయి. 1990ల మొదట్లో టైగర్ రొయ్య వేసి బాగా సంపాదించి, 1994-95లో తెల్లమచ్చ జబ్బు వచ్చినప్పుడు సంపాదించింది పోగొట్టుకున్నవాళ్ళలో ఆయనొకరు. ఆ తర్వాత చాలా ఏళ్ళు చేపలే వేశారు. 2009లో కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ వనామీకి అనుమతి ఇచ్చాక కూడా చుట్టుపక్కల నలుగురూ వేసి నిలదొక్కుకున్నారని చూశాకే మళ్ళీ రొయ్య జోలికి వచ్చారు. ఊళ్ళో ఆయన్ని అనుమానం మనిషంటారు. నాకలా అనిపించలేదు. తెల్లమచ్చ రోజుల్లో 'దీనికి మందుందండి' అంటూ డబ్బాలు అమ్ముకుని పోయినవాళ్ళని కళ్ళారా చూసిన మనిషి ఆయన. ఈ రోజుకీ తెల్లమచ్చకి మందు లేదు.

కొడుక్కి నలభై ఏళ్ళుంటాయి. చెరువు చూసేది, మేత ఆర్డర్ పెట్టేది, మందులు కొనేది ఆయనే. లెక్క రాసేది మాత్రం తండ్రి. వీళ్ళు కాక గట్టు మీద షెడ్డులో ఉండే కాపలా కుర్రాడు. తెల్లవారుజామున మూడింటికి చెరువు ఎలా ఉంటుందో ఈ ముగ్గురిలో తెలిసినవాడు అతనొక్కడే. ఆ కుర్రాడి పేరు అడగకుండా వెళ్ళిపోయే టెక్నీషియన్లని చాలామందిని చూశాను.

వాళ్ళు నన్ను పిలిచేనాటికి వరసగా రెండు పంటలు దెబ్బతిన్నాయి. రొయ్య చచ్చిపోలేదు. పెరగలేదు, అంతే. చావు కంటే ఇది ఎక్కువ ఖర్చు. చచ్చిపోతే మేత ఆపుతారు కదా.

దాచిపెట్టిన సంగతులు

మొదటిసారి గట్టు మీద నేనడిగిన ప్రశ్నలకి వచ్చిన జవాబులు ఇలా ఉన్నాయి.

"పోయిన పంట ఎలా ఉందండి?"

"ఏదో, బానే ఉందండి."

"ఎన్ని రోజులకి పట్టారండి?"

"వందకి అటూ ఇటూగా ఉంటుందండి."

"మందులేమన్నా వాడారాండి?"

"పెద్దగా ఏం లేదండి."

షెడ్డు వెనకాల ఖాళీ మందు డబ్బాలు నడుమెత్తు గుట్టగా పోసి ఉన్నాయి. నేను చూసిన సంగతి కొడుకు చూశారు. ఇద్దరం దాని గురించి మాట్లాడలేదు.

రైతు అబద్ధమాడుతున్నాడని కొత్తవాళ్ళు ఇక్కడే విసుక్కుంటారు. ఆయన వైపు నుంచి చూస్తే అది ఆత్మరక్షణ. ఇన్నేళ్ళుగా ఆయన చెప్పిన ప్రతి సంగతీ ఒక డబ్బా అయి తిరిగొచ్చింది. నీళ్ళు చిక్కబడ్డాయంటే ఒకటి, మేత తగ్గిందంటే ఒకటి, ఒక రొయ్య మెత్తగా కనిపించిందంటే రెండు. డాక్టరే పక్కగదిలో మందుల షాపు నడుపుతుంటే పేషెంటు దగ్గు దాచుకున్నట్టు, రైతు కూడా చెప్పడం తగ్గిస్తాడు. అందుకే క్లయింటు నాకేం దాస్తున్నాడన్నది నాకు ముఖ్యమైన కొలత. బాగా మాట్లాడుతున్నాడా, కాఫీ ఇస్తున్నాడా అన్నది నేను చూడను. గోదావరి జిల్లాల్లో శత్రువుకి కూడా కాఫీ ఇస్తారు. మొదట దాచిన సంగతి తర్వాత అడక్కుండానే ఎప్పుడు బయటికొచ్చింది అన్నదే గమనిస్తాను.

డబ్బు మాట

పెద్దాయన ఆ రోజు నన్నడిగినవి రెండే. "మీరు ఏ కంపెనీ తాలూకండి?" ఏ కంపెనీ కాదన్నాను. "మరి మందులమ్మకపోతే మీకేం మిగుల్తుందండి?"

చాలామంది ఈ ప్రశ్నకి నొచ్చుకుంటారు, లేదా తమ చదువు, అనుభవం, ఎన్ని ఎకరాలు చూస్తున్నారో చెప్పడం మొదలెడతారు. ఆయన అడిగింది అది కాదు. డబ్బు ఎటునుంచి వస్తుందని అడిగారు. అదే చెప్పాను. ఎకరానికి పంటకి ఇంత ఫీజు, సగం సీడ్ వేసినప్పుడు, సగం పట్టుబడి (రొయ్య పట్టి అమ్మడం) అయ్యాక. ల్యాబ్ పరీక్షల రేట్లు గోడ మీదున్నవే. ఏదైనా వాడాల్సొస్తే కంపెనీ పేరు రాయను, అందులో ఏముండాలో, ఎంత మోతాదో రాస్తాను, ఎక్కడ కొనుక్కున్నా నాకు సంబంధం లేదు. ఏ షాపు దగ్గరైనా నేను కమీషన్ తీసుకున్నట్టు తేలితే మిగిలిన సగం ఇవ్వక్కర్లేదు. ఈ నాలుగు మాటలూ తెల్లకాగితం మీద రాసి ఇద్దరం సంతకాలు పెట్టాం.

దానికి ముందు ఒక బేరం నడిచింది. పెద్దాయన టన్నేజీ మీద ఇస్తానన్నారు. "పండితే కిలోకింత తీసుకోండి. ఎండితే ఇద్దరం ఎండుదాం." వినడానికి న్యాయంగా ఉంటుంది, మా వృత్తిలో చాలామంది ఇలాగే చేస్తున్నారు. నేను ఒప్పుకోలేదు. కిలోల మీద డబ్బు తీసుకునేవాడు 'ఈ చెరువు ఇవ్వాళే పట్టేయండి' అని చెప్పాల్సిన రోజున చెప్పలేడు. ఇంకో పది రోజులాగితే తన కిలోలు పెరుగుతాయేమోనన్న ఆశ ఉంటుంది, మేత ఖర్చు మాత్రం రైతుది. ఇదే ఆయనకి చెప్పాను.

"అంటే మిమ్మల్ని మీరే నమ్మట్లేదన్నమాట," అన్నారు.

"మరేనండి బాబాయిగారూ. ఆ ఇబ్బందిలో నన్ను పెట్టకండి," అన్నాను.

ఆయన మొదటిసారి నవ్వింది అప్పుడే. ఒప్పుకున్నది మాత్రం మర్నాడు.

మేత కంపెనీల టెక్నీషియన్లు చెడ్డవాళ్ళని నేననడం లేదు. నాకంటే బాగా తెలిసినవాళ్ళు వాళ్ళలో ఉన్నారు. టార్గెట్ మీద జీతం నడిచేవాడి నోటి వెంట 'ఏమీ వేయకండి' అన్న మాట రావడం కష్టం, అంతే. పైగా ఇక్కడ మేత డీలర్ అప్పు మీద ఇస్తాడు, పట్టుబడి డబ్బులొచ్చాక తీసుకుంటాడు. ఆ ఖాతాలోనే మందులూ వెళ్ళిపోతాయి. డీలర్ పంపిన మనిషిని రైతు రావద్దనలేడు. 'నేనున్నాను కదా, వాళ్ళని ఆపేయండి' అని షరతు పెట్టే సలహాదారు మొదటి వారంలోనే ఓడిపోతాడు. నేనైతే వాళ్ళని రానివ్వమన్నాను.

చెరువు పుస్తకం

షెడ్డులో మేకుకి తగిలించి ఒక పొడుగు నోటుబుక్కు పెట్టించాను. ఎడమ పేజీ కాపలా కుర్రాడిది. పొద్దున, సాయంత్రం పీహెచ్, తెల్లవారుజాము డీఓ (నీటిలో కరిగిన ఆక్సిజన్), వేసిన మేత, చెక్ ట్రేలో (మేత తిన్నాయో లేదో చూసే పళ్ళెం) మిగిలింది, కరెంటు పోయిన టైము. కుడి పేజీ నాది. ఏం చేయమన్నాను, ఎందుకన్నాను, చేస్తే ఏం జరగాలి, ఎప్పటికి జరగాలి. పెన్నుతోనే రాయాలి. కొట్టేస్తే కొట్టేసినట్టు కనబడాలి.

నాలుగో గడి, అంటే 'ఎప్పటికి జరగాలి' అన్నది, చాలామంది రాయడానికి ఇష్టపడరు. రాస్తే ఇరుక్కుపోతాం కాబట్టి. రైతుకి కావలసింది సరిగ్గా అదే. ఒక ఉదాహరణ చెబుతాను. ఏప్రిల్లో రెండ్రోజులు వరసగా మబ్బు పట్టింది. రెండో చెరువు నీళ్ళు అప్పటికే బాగా పచ్చగా ఉన్నాయి. మధ్యాహ్నమే కుడి పేజీలో రాశాను: 'రాత్రి పదికల్లా అన్ని ఎయిరేటర్లూ (నీటిలో గాలి కలిపే యంత్రాలు) వేయాలి. వేసినా తెల్లవారుజామున 4 గంటలకి డీఓ 4 దాటదు. పొద్దున మేత సగమే.' తెల్లారి కుర్రాడు మీటరు ఫోటో వాట్సాప్‌లో పెట్టాడు, 3.7 ఉంది. ఇందులో గొప్పేమీ లేదు. ఎండ లేకపోతే నీటిలోని నాచు పగలు ఆక్సిజన్ తక్కువ తయారు చేస్తుంది, రాత్రి మాత్రం అదీ రొయ్యా కలిసి పీల్చుకుంటాయి. మొదటేడు విద్యార్థి కూడా చెబుతాడు. ముందురోజే కాగితం మీద ఉండటం వల్ల కొడుకు ఆ రెండు పేజీలూ పక్కపక్కన పెట్టి తండ్రికి చదివి వినిపించారట. ఆ సంగతి నాకు కుర్రాడు చెప్పాడు.

వల విషయం కూడా ఇలాగే. కౌంట్ చూడటానికి విసురువల నేను ముట్టుకోను. కుర్రాడు వేస్తాడు, నాలుగు మూలలా. కొడుకు తూకం వేస్తారు. పడినవన్నీ లెక్కలోకి రావాలి, చిన్నవి తీసి పక్కన పడేయకూడదు. ట్రే చుట్టూ చేరే పెద్ద రొయ్యలని పట్టి 'చూశారా, మా మేత మహత్యం' అని చూపించడం ఈ ప్రాంతంలో అందరికీ తెలిసిన విద్యే.

ఎడమ పేజీ నిజంగా ఉండాలంటే ఇంకో కట్టుబాటు కావాలి. ఒక రాత్రి కరెంటు పోయి, జనరేటర్ స్టార్ట్ చేయడం అరగంట ఆలస్యమైందని కుర్రాడు రాశాడు. నిద్రపట్టేసిందట. కొడుకు అందరి ముందూ వాడి మీద కేకలేశారు. ఆయన్ని పక్కకి తీసుకెళ్ళి, పుస్తకంలో రాసిన దాని గురించి ఎవరినీ తిట్టకూడదని అడిగాను. తిడితే రేపటినుంచి ఆ పేజీలో కరెంటు ఎప్పుడూ పోదు. ఆయనకిది వెంటనే నచ్చలేదు. "పనోడిని ఏమీ అనకుండా చెరువెలా చేస్తామండి?" అన్నారు. పుస్తకం బయట ఎంతైనా అనుకోండి, పుస్తకం పేరెత్తి మాత్రం వద్దన్నాను. దాదాపుగా నిలబెట్టుకున్నారు.

మూడో చెరువు

సీడ్ వేసి 55 రోజులయ్యేసరికి మిగతా మూడు చెరువులూ 110, 120 కౌంట్‌లో ఉన్నాయి. మూడోది 165. సగటు చూస్తే అంతే, పళ్ళెంలో పోస్తే తేడా కళ్ళకి కట్టింది. 90 కౌంట్ సైజు రొయ్య పక్కనే 300 కౌంట్ సైజుది. రెండూ ఒకే రోజు ఒకే ట్యాంకులోంచి దిగిన పిల్లలు. ట్రే దగ్గర నీటి మీద తెల్లదారాల్లాంటి పెంట తేలుతోంది.

ఈహెచ్‌పీ అని నాకనుమానం. ఇది రొయ్య హెపటోపాంక్రియాస్‌లో, అంటే తిన్నది అరిగించే గ్రంథిలో, చేరే సూక్ష్మజీవి. రొయ్యని చంపదు, తిన్నది ఒంటికి పట్టనివ్వదు. దాని స్పోరు ఒక మైక్రాన్ పైచిలుకు ఉంటుంది, మామూలు మైక్రోస్కోపులో చూసి ఖాయం చేయలేం. పీసీఆర్, అంటే దాని డీఎన్ఏని పట్టుకునే పరీక్ష, చేయాలి. అన్నిటికంటే కష్టమైన సంగతి, దీనికి మందు లేదు. రైతుకి చెప్పాల్సిన వార్తల్లో ఇది అన్యాయమైన వార్త. జబ్బుందని చెప్పి, ఏమీ కొనకండి అని చెప్పాలి.

అనుమానం ఉంది, కంటితో చూసి చెప్పేది కాదు అన్నంత వరకే గట్టు మీద చెప్పాను. శాంపిల్ వాళ్ళ ముందే తీసి, ఆల్కహాల్ ఉన్న రెండు సీసాల్లో సమానంగా వేసి, రెంటి మీదా చెరువు నంబరు, తేదీ కొడుకు చేత రాయించి ఫోటో తీయించాను. ఒకటి నేను పంపిస్తాను, రెండోది మీకిష్టమైన ల్యాబ్‌కి మీరే పంపించుకోండి, ఏ ల్యాబో నాకు చెప్పక్కర్లేదు అన్నాను. రెండో పరీక్ష ఖర్చు వాళ్ళది. దానికి పెద్దాయన ఏమీ అనలేదు.

రెండూ పాజిటివ్ వచ్చాయి. ఆ సాయంత్రం పెద్దాయన ఇంటికి రమ్మన్నారు. లెక్కల పుస్తకం అట్ట లోపల మడతపెట్టిన కాగితం తీసి నా ముందు పెట్టారు. పోయిన పంటలో అదే మూడో చెరువుకి వేరే ల్యాబ్ ఇచ్చిన రిపోర్టు. అప్పుడే ఈహెచ్‌పీ ఉంది. అదేం కాదండి, మేత మారిస్తే సర్దుకుంటుందని ఎవరో చెప్పారట. లీజు రోజులు పోతున్నాయని చెరువు సరిగ్గా ఎండబెట్టకుండానే నీళ్ళు పెట్టి సీడ్ దింపేశారు.

'ఈ కాగితం ముందే చూపించి ఉంటే' అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. అనలేదు. ఆ కాగితం బయటికి రావడమే నేను ఎదురుచూస్తున్న కొలత. దాన్ని తెచ్చినందుకు మాట పడితే రెండో కాగితం రాదు.

ఆ తర్వాత లెక్క. ఇది నేను వేయకుండా పెద్దాయన చేతే వేయించాను. నేను ఇచ్చినవి అంకెలే. చెరువులో సుమారు 2 లక్షల రొయ్య, ఒక్కోటీ సగటు 6 గ్రాములు, అంటే 1,200 కిలోలు. రోజుకి 48 కిలోల మేత, వారానికి 336. పోయిన వారం రొయ్య పెరిగింది 0.4 గ్రాము. మంచి చెరువైతే అదే వారంలో గ్రామున్నర పైనే పెరగాలి.

ఆయన కళ్ళజోడు పెట్టుకుని గుణించారు. వారానికి పెరిగింది 80 కిలోలు. కిలో 200 చొప్పున వేసుకున్నా 16,000 రూపాయలు. మేత కిలో 90 వేసుకుంటే 30,000 దాటింది. కరెంటు, డీజిలు కలపలేదు. కాగితం కొడుకు వైపు తోశారు. కొడుకు మేతలో కలిపే జెల్ ఒకటుందని, ఇంకో వారం చూద్దామని పట్టుబట్టారు. నా అభిప్రాయం అడిగారు. ఈ వారమే పట్టేయాలి, మూడో చెరువు వల, బకెట్లు మిగతా చెరువుల్లోకి వెళ్ళకూడదు అని చెప్పి, పుస్తకంలో అదే రాశాను. వాళ్ళు ఒక వారం ఆగడానికే నిర్ణయించుకున్నారు. 'రైతు నిర్ణయం: ఒక వారం ఆగడం' అని దాని కిందే రాశాను, ఇంకేమీ కలపలేదు. వచ్చే వారం ఎంత పెరుగుతుందని అడిగితే 0.3, మహా అయితే 0.4 అన్నాను, అదీ రాశాను. 0.3 వచ్చింది. ఆ మర్నాడే పట్టుబడి పెట్టారు.

అన్న మాట వినలేదని అలగడం ఈ వృత్తిలో పెద్ద జబ్బు. చెరువు ఆయనది, అప్పు ఆయనది. వారం నష్టం కూడా ఆయన భరించగలిగిందే. భరించలేనిదైతే గట్టిగా వాదించేవాణ్ణి.

లేబుల్ లేని పొట్లం

అలాంటిదే ఒకటి ఆ వారంలోనే వచ్చింది. రాత్రి పొద్దుపోయాక కొడుకు ఫోన్ చేశారు. నాలుగో చెరువులో రెండు మూడు ట్రేల దగ్గర తెల్లపెంట కనిపించిందట. తెలిసినాయన ఎవరో లేబుల్ లేని పొట్లం ఇచ్చి, మూడు రోజులు మేతలో కలిపితే వైట్ గట్, అంటే ఈ తెల్లపెంట, ఆగిపోతుందన్నాడట. సాయంత్రం మేతలో ఒకసారి కలిపి వేసేశారు. వేశాక భయమేసింది. "నాన్నగారికి చెప్పకండి," అన్నారు.

లేబుల్ లేని పొట్లంలో ఏముందో ఎవరికీ తెలియదు. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ లాంటి యాంటీబయాటిక్స్ రొయ్యల చెరువుల్లో నిషేధం. వాటి అవశేషం దొరికితే సరుకు తిరగ్గొడతారు. యూరప్‌కి వెళ్ళే సరుకుకి పట్టుబడికి ముందే ఎంపెడా (సముద్ర ఉత్పత్తుల ఎగుమతులు చూసే కేంద్ర సంస్థ) ల్యాబ్‌లో పరీక్ష చేయించి సర్టిఫికెట్ తీసుకోవాలి. ఒక్క రైతు పొట్లం వల్ల కొన్నవాడి కంటైనర్ మొత్తం ఇరుక్కుంటుంది.

ఇక్కడ చిక్కు మందు గురించి ఒక్కటే కాదు. నా క్లయింటు ఎవరు? సంతకం పెట్టింది తండ్రి, నమ్మి ఫోన్ చేసింది కొడుకు. రహస్యం కాపాడితే తండ్రి దగ్గర నా మాట పోతుంది. నేనే వెళ్ళి చెప్పేస్తే కొడుకు ఇంకెప్పుడూ ఫోన్ చేయరు. అప్పుడు ఆయనకి చెప్పింది ఇది. మిగిలిన పొట్లం పారేయకుండా అలాగే ఉంచండి, ఆ కలిపిన మేత ఇంక వేయకండి. వేసింది పుస్తకంలోకి ఎక్కాలి, పుస్తకం నాన్నగారు చూస్తారు. కాబట్టి రేపు సాయంత్రం లోపు మీరే చెప్పండి, నేను రేపు సాయంత్రం వచ్చి పుస్తకం రాస్తాను. కావాలంటే పక్కన కూర్చుంటాను.

ఆయనే చెప్పారు. ఇంట్లో ఏం జరిగిందో నాకు తెలియదు, నేను వెళ్ళేసరికి ఇద్దరూ మాట్లాడుకోవడం లేదు. ఎడమ పేజీలో మాత్రం కొడుకు రాతలో ఆ సంగతి ఉంది.

పెద్దాయనకి ఇంకో మాట అప్పుడే చెప్పేశాను. నాలుగో చెరువు శాంపిల్ పట్టుబడికి ముందు భీమవరంలో ఎంపెడా ల్యాబ్‌కి పంపాలి. ఒకవేళ అందులో అవశేషం తేలితే నేను దాన్ని కప్పిపుచ్చను, కొనేవాళ్ళు అడిగితే ఉన్నది ఉన్నట్టే చెబుతాను. క్లయింటు పక్షాన నిలబడటానికి ఒక గట్టు ఉంటుంది, అది ఎక్కడుందో గొడవ రాకముందే చెప్పాలి. గొడవ వచ్చాక చెబితే ద్రోహంలా వినిపిస్తుంది. పెద్దాయన కాసేపు ఏమీ మాట్లాడకుండా, చివరికి "చూద్దాంలెండి" అన్నారు. ఆ మాటకి ఆయన దగ్గర చాలా అర్థాలున్నాయి. శాంపిల్ మాత్రం పంపారు. ఏమీ లేదని వచ్చింది.

ఆ పంటలో మూడు చెరువులు మామూలుగా వచ్చాయి, మూడోది నష్టం. మొత్తం మీద చేతికి పెద్దగా మిగల్లేదు. ఫీజు రెండో సగం ఆలస్యమైంది. కొన్నవాళ్ళ దగ్గర డబ్బు ఎప్పుడొస్తుందో పెద్దాయన ముందే తేదీ చెప్పారు కాబట్టి నేను ఫోన్ చేయలేదు. ఆ తేదీకి పంపించారు.

రెండో పంట

మూడో చెరువుని ఈసారి నెర్రెలు బారేదాకా ఎండబెట్టారు. దున్నించి, ఘాటు సున్నం (నీళ్ళు చల్లని కాల్చిన సున్నం) వేయమన్నాను. ఈహెచ్‌పీ స్పోర్ల కోసం చెప్పే మోతాదు హెక్టారుకి 6 టన్నులు, అంటే ఈ చెరువుకి మూడున్నర టన్నుల పైమాటే. "అంత సున్నమా!" అన్నారు పెద్దాయన. సున్నం నేనమ్మను కాబట్టి ఆ ఆశ్చర్యంలో అనుమానం లేదు, ఖర్చు బాధే ఉంది. తడిపాక మట్టి పీహెచ్ 12 దాకా ఎక్కాలి, ఎక్కకపోతే సున్నం పాతదో, సరిపోలేదో అని చెప్పి పీహెచ్ కాగితాలు చేతికిచ్చాను. ఆయనే గట్టు దిగి చూసుకున్నారు. రెండు మూలల్లో తక్కువొస్తే సున్నం బండిని వెనక్కి పిలిపించారు.

సీడ్ డబ్బు కట్టకముందే పీసీఆర్ చేయించారు. చదరపు మీటరుకి 40 వేసేది 30కి తగ్గించారు. లైసెన్స్ ప్రకారం వనామీ 60 దాకా వేసుకోవచ్చు, ఉప్పుటేరు పక్కన ఈ నీళ్ళతో ఆ లెక్కకి పోవడం నాకెప్పుడూ నచ్చదు. చెరువుకో వల, చెరువుకో బకెట్.

అన్నీ అయ్యాక పెద్దాయన అడిగారు: "ఈసారి ఈహెచ్‌పీ రాదని రాసిస్తారా?"

రాయనన్నాను. పై చెరువుల నీళ్ళు మన చేతిలో లేవు, పక్షులు మన చేతిలో లేవు. రాసిస్తానన్నవాడు ఇంకొకాయన ఉన్నాడని చెప్పారు. "అయితే ఆయన చేత రాయించుకుని పుస్తకంలో అంటించండి" అన్నాను. కొన్నాళ్ళు ముభావంగా ఉన్నారు. ఆ కాగితం రాలేదు. మూడో చెరువులో 80 రోజుల వయసప్పుడు లీలగా పాజిటివ్ వచ్చింది. అప్పటికి పెరుగుదల బాగానే ఉంది కాబట్టి 60 కౌంట్‌లో పట్టేశారు. మిగతావి 45 దాకా వెళ్ళాయి. ఈ పరీక్ష ఫలితం కొడుకు నాకు ఫోన్లో చెప్పారు. శాంపిల్ పంపింది వాళ్ళే, నేనడగలేదు.

అన్నీ మారిపోయాయని కాదు. పెద్దాయన ఇప్పటికీ అమోనియా పరీక్షకి నా ల్యాబ్‌తో పాటు ఇంకో చోటికి నీళ్ళు పంపిస్తారు. అది నాకు బాగానే ఉంది, వాళ్ళ అంకె నా అంకె పక్కనే రాస్తాను. తేడా వస్తే ముందు సీసా ఎన్నింటికి నింపారో అడుగుతాను, చాలాసార్లు అక్కడే తేలిపోతుంది. డీలర్ ఖాతా నాకు చూపించరు, నేనడగను. కొడుకు యూట్యూబ్ చూడటం మానలేదు, కాకపోతే వేసేముందు వీడియో నాకు పంపుతున్నారు.

ఈ పద్ధతి అన్నిచోట్లా నడవదు. వంద ఎకరాలు లీజుకి తీసుకుని మేనేజర్ చేతిలో పెట్టినవాళ్ళ దగ్గర నేను ఓడిపోయిన చెరువులున్నాయి. అక్కడ పుస్తకం రాసేది మేనేజరే, మందుల బిల్లు మీద కన్నున్నదీ మేనేజరే. ఎకరం, అరెకరం చేసే చిన్న రైతు నా ఫీజు భరించలేడు. వాళ్ళకి పరీక్షకి ఇంతని తీసుకుని, ఏం వేయక్కర్లేదో చెప్పి పంపిస్తాను. అదే వాళ్ళకి ఎక్కువ మిగులుస్తుంది.

ఈ పంట ఒప్పందంలో ఒక మాట పెద్దాయనే చేర్చారు. మేత కంపెనీ వాళ్ళయినా, మందుల షాపు వాళ్ళయినా, గట్టు మీదకొచ్చి ఏం చెప్పినా కుడి పేజీలో నాలాగే రాయాలి. ఏం వేయాలి, ఎందుకు, ఏం జరగాలి, ఎప్పటికి. కింద సంతకం. నా ముందే ఒక టెక్నీషియన్‌కి పుస్తకం, పెన్ను ఇచ్చి, "రాయండి బాబూ, మొహమాటమేం లేదు" అన్నారు. ఇప్పటికి ఇద్దరు రాసి సంతకం పెట్టారు. అందులో ఒకరి అంచనా నాదాని కంటే దగ్గరగా వచ్చింది, మేత విషయం ఇప్పుడు అతన్నే అడుగుతున్నారు. ఇంకొకరు గట్టు మీదకి రావడం మానేశారు.